త్రీఫేజ్ వస్తే ఆగిపోయే చేతిపంపు: జలశాస్త్రం, వాతావరణ న్యాయం కలిసేది ఎక్కడ?

ప్రశ్న, కుదించి: "మాది కనిగిరి దగ్గర పల్లె. ఎమ్మెస్సీ జియాలజీ చదువుతున్నాను. పీహెచ్‌డీ జలశాస్త్రంలో చేయాలని ఉంది, వాతావరణ న్యాయం (వాతావరణ మార్పు దెబ్బ ఎవరి మీద ఎక్కువ పడుతుంది, బాధ్యత ఎవరిది అన్న ప్రశ్న) మీద కూడా అంతే ఆసక్తి ఉంది. మా సార్ మాత్రం ఒకటి సైన్సు, ఇంకోటి ఉద్యమం, రెండూ కలిపితే దేనికీ పనికిరాకుండా పోతావు అంటున్నారు. నిజమేనా? నెల్లూరు, ప్రకాశం వైపు ఈ రెండూ కలిసే టాపిక్ ఏదైనా ఉందా మేడమ్?"

మీ సార్ చెప్పినదాంట్లో సగం నిజముంది. ఆ సగం సంగతి తర్వాత చెబుతాను. ముందు మిగతా సగం తేల్చుకుందాం.

నేను పాతికేళ్ళుగా భూగర్భ జలాల మీద పని చేస్తున్నాను. పుట్టింది నెల్లూరు డెల్టాలో, సంగం ఆనకట్ట కాలువ కింద. చిన్నప్పుడు మాకు నీళ్ళ సమస్య అంటే, ఎక్కువైన నీళ్ళు ఎటు తోలాలి అన్నదే. ఉద్యోగం మాత్రం చాలాకాలం పడమటి ప్రకాశంలో, పామూరు, కనిగిరి, పొదిలి, మార్కాపురం వైపు. అక్కడికి పోయిన కొత్తల్లో ఒక ఇంట్లో చేతులు కడుక్కోవడానికి నీళ్ళు అడిగితే ఇంటామె అర చెంబే ఇచ్చింది. పిసినారి మనిషి అనుకున్నాను. ఆ అర చెంబు ఎంత దూరం నుంచి నడిచి వచ్చిందో తెలియడానికి నాకు ఇంకో వారం పట్టింది.

మీ ప్రశ్నకు నాకు జవాబు దొరికింది పామూరు వైపు ఒక ఊళ్ళో. పేరు వద్దులెండి. మే నెలలో, వానలకు ముందు, బోర్లలో నీటిమట్టాలు తీసుకునే పని మీద పోయాను. నా లిస్టులో ఆ ఊరికి ఒకే ఒక్క బోరు ఉంది, పంచాయతీ ఆఫీసు ఆవరణలో. టేపు దించాను, 64 అడుగులు. పుస్తకంలో రాసుకుని బయల్దేరుతుంటే కాలనీ నుంచి బిందెలతో వచ్చిన ఒకామె ఆపింది.

"మేడమ్, ఆ టేపు మా పంపు కాడ కూడా ఏసి చూడరాదా?"

"అది లిస్టులో లేదమ్మా" అన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"లిస్టు సంగతి నాకు తెలవదు. త్రీఫేజ్ వచ్చిందంటే మా పంపు గాలి కొడతాది. కరెంటు పోయినాక ఒక గంటకి మళ్ళా నీళ్ళొస్తాయి. ఎందుకట్టా?"

మర్నాడు తెల్లవారుజామున ఐదున్నరకే పోయాను. చేతిపంపులో టేపు దించడం కుదరదు, కానీ దానికి ఇరవై అడుగుల దూరంలో మూతేసిన పాత బోరు ఒకటుంది. సౌండర్ అంటే తెలుసుగా, టేపు చివర ఇత్తడి గుండు, పైన బ్యాటరీ పెట్టె. గుండు నీళ్ళను తాకగానే కుయ్యిమంటుంది. చుట్టూ పిల్లలు. మొదటి కూత 71 అడుగుల దగ్గర. చేతిపంపు సిలిండరు 80 అడుగుల దగ్గర దించారని పంపు మెకానిక్ చెప్పాడు. అంటే సిలిండరు పైన తొమ్మిది అడుగుల నీళ్ళున్నట్టు. ఆరింటికి ఆడవాళ్ళు వరసలో నిలబడ్డారు, పంపు బాగానే పోస్తోంది.

తొమ్మిదింటికి త్రీఫేజ్, అంటే సాగు మోటార్లకిచ్చే కరెంటు, వచ్చింది. నూటయాభై అడుగుల దూరంలో బత్తాయి తోట, అందులో 600 అడుగుల బోరు, సబ్‌మెర్సిబుల్ మోటారు. పావుగంటకొకసారి టేపు దించుతూ కూర్చున్నాను. 73, 75, 76. పదిన్నరకు 79. పదకొండుకు 82. పంపు కొట్టే పిల్ల చెయ్యి ఆపి నా వైపు చూసింది. పంపులో గస తప్ప నీళ్ళు లేవు.

పుస్తకాల్లో దీన్ని బోర్ల మధ్య జోక్యం అంటారు. ఒక బోరు తోడుతుంటే దాని చుట్టూ నీటిమట్టం గరాటులాగా కుంగుతుంది. ఆ గరాటు అంచులోకి వచ్చిన లోతు తక్కువ బోర్లు ఎండిపోవచ్చు. ఎంత దూరంలో, ఎంతసేపటికి, ఎన్ని అడుగులు కుంగుతుందో లెక్కకట్టే సూత్రాన్ని థైస్ 1935లోనే ఇచ్చాడు. మన రాతి నేలల్లో అది అచ్చంగా పని చేయదు. ఆ సూత్రం ఇసుక పొరలాంటి ఒకే తీరు నేలను ఊహించుకుంటుంది, ఇక్కడ నీళ్ళుండేది పగుళ్ళలో. కాబట్టి నూటయాభై అడుగుల దూరంలోని బోరు పడిపోయి, యాభై అడుగుల దూరంలోది చెక్కుచెదరకపోవచ్చు. అది వేరే పాఠం. కాలనీ ఆమెకు థైస్ ఎవరో తెలియదు, కానీ ఆమె చెప్పిన పరిశీలన నా పంపింగ్ టెస్టుకు (ఒక బోరు తోడుతుంటే మట్టం ఎంత పడుతుందో చూసే కొలతకు) అక్షరం తేడా లేకుండా సరిపోయింది.

పంచాయతీ ఆఫీసు బోరులో నేను తీసిన 64 అడుగులు తప్పు కాదు. టేపు సరైనదే, నేను సరిగ్గానే చదివాను. ఆ అంకె పైకి పోయి, మండలం సగటులో కలిసి, ఆ మండలం ఫర్వాలేదు అన్న మాటకు తన వంతు సాయం చేసింది. అక్కడ అబద్ధం ఎవరూ ఆడలేదు. టేపు ఎక్కడ దించాలో మాత్రం చాలా ఏళ్ళ కిందట ఎవరో నిర్ణయించారు, గేటు ఉంది, జీపు పోతుంది, వాచ్‌మన్ ఉంటాడు అని. కాలనీ పంపు ఆ నిర్ణయంలో లేదు. న్యాయం అన్న మాట జలశాస్త్రంలోకి వచ్చే తొలి గుమ్మం ఇదేనని నా నమ్మకం. కొలిచాక ఎవరికి ఎంత అని పంచుకోవడం తర్వాతి సంగతి. ఎక్కడ కొలుస్తున్నాం, ఏ టైముకు కొలుస్తున్నాం అన్న దగ్గరే ఒకరి దాహం లెక్కలోకి వస్తుంది, ఇంకొకరిది రాదు. అదే ఊళ్ళో పొద్దున ఆరింటికి కొలిస్తే కొరత లేదు, పదకొండింటికి కొలిస్తే ఉంది.

బత్తాయి తోట ఆయన్ని దుర్మార్గుడు అనుకోవద్దు. నాలుగు బోర్లు వేస్తే మూడింట్లో దుమ్మే లేచింది. నాలుగోదాంట్లో రెండించుల నీళ్ళు పడ్డాయి. అప్పు ఆ నాలుగింటికీ ఉంది. (బోరు ఎక్కడ వేయాలో పాయింటు చూసే విషయంలో అక్కడి రైతులతో నాకు పెద్ద గొడవే ఉండేది. నేను రెసిస్టివిటీ మీటరు (నేలలోకి కరెంటు పంపి నీళ్ళ జాడ వెతికే పరికరం) పట్టుకుని పోతే ఇంకొకాయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని వచ్చేవాడు. రైతు మా ఇద్దరికీ టీ ఇచ్చి, ఇద్దరం చెప్పిందీ విని, బావమరిది చూపించిన చోట వేయించేవాడు.)

ఇక్కడ ఒక లెక్క చేసి చూడండి. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. ఏడాదికి 700 మిల్లీమీటర్ల వాన పడిందనుకుంటే ఎకరం మీద పడేది 28 లక్షల లీటర్లు. మన రాతి నేలల్లో అందులో లోపలికి దిగేది పదో వంతు అనుకుంటే అదే ధారాళం, అంటే 2.8 లక్షల లీటర్లు. గంటకు పది వేల లీటర్లు పోసే బోరు రోజుకు తొమ్మిది గంటలు ఆడితే 90 వేల లీటర్లు. ఎకరం నేల ఏడాదంతా దాచుకున్నది మూడు రోజుల్లో అయిపోతుంది. మరి ఆ బోరు ఏడాదిలో వంద రోజులు ఎలా ఆడుతోంది? పక్క ముప్పై ఎకరాల కింద దిగిన నీళ్ళు కూడా అదే తాగుతోంది కాబట్టి. అందులో కాలనీ ఇళ్ళ కింద దిగినవీ ఉన్నాయి, ఊరి చెరువు కింద దిగినవీ ఉన్నాయి.

చట్టం మాత్రం ఇంకోలా చూస్తుంది. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం తన నేల కింద ఉండి, కాలువలాగా ఒక దారి కట్టి పారని నీటిని తోడుకునే హక్కు ఆ నేల సొంతదారుడిది. నీళ్ళు గట్టు దగ్గర ఆగుతాయని ఆ చట్టం రాసినవాళ్ళు అనుకున్నారేమో. మన రాష్ట్రంలో 2002లో వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం వచ్చి తాగునీటి బోరుకు దగ్గర్లో కొత్త బోరు వేయకూడదన్నది. కానీ పట్టా ఉన్నవాడికే భూమి కింద నీళ్ళు అన్న అసలు ఆలోచన కదల్లేదు. సెంటు భూమి లేని మనిషికి భూగర్భ జలంలో వాటా ఎంత? సున్నా. ఇది నినాదం కాదు, పాత చట్టానికీ కొత్త జలశాస్త్రానికీ మధ్య ఉన్న తేడా. ఆ తేడాను అడుగుల్లో, లీటర్లలో చూపించగలిగేది మీరూ నేనే, లాయరు కాదు.

ఫ్లోరైడ్ సంగతి మీకు నేను చెప్పాల్సిన పని లేదు, మీది కనిగిరి. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు తొలిసారి వివరంగా రాసింది 1937లో. రాసింది అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉన్న మీ పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల గురించే. అంతకు ముందే రైతులు తమ ఎద్దులు లేవలేకపోవడం, నడవలేకపోవడం గమనించారు. ఇక్కడ కూడా ముందు తెలిసింది పుస్తకానికి కాదు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దిక్కు లేకపోతే ఒకటిన్నర వరకు ఓర్చుకోవచ్చు అని మన ప్రమాణం. బోరు లోతుకు పోయేకొద్దీ నీళ్ళు రాతితో ఎక్కువ కాలం కలిసి ఉంటాయి. కాల్షియం తక్కువై, సోడియం, బైకార్బనేట్ ఎక్కువైన నీళ్ళలో ఫ్లోరైడ్ బాగా కరుగుతుంది. అందుకే పై నీళ్ళు ఎండి జనం లోతుకు పోయేకొద్దీ పళ్ళు, ఎముకలు దెబ్బతింటాయి. ఒకే వీధిలో రెండు బోర్లకు రెండు రీడింగులు వస్తాయి. ఫీల్డ్ కిట్టులో గులాబీ రంగు నీళ్ళు పసుపుకు తిరిగితే ఫ్లోరైడ్ ఎక్కువని. అది తిరిగేటప్పుడు ఆ ఇంటివాళ్ళ మొహం చూడకుండా ఉండటం నేను ఇంతవరకు నేర్చుకోలేదు. డబ్బున్న ఇంటికి క్యాన్ వస్తుంది, లేని ఇంటికి బోరే. నేలలోని రాయి అందరికీ ఒకటే, జబ్బు మాత్రం ఒకటి కాదు.

ఇక్కడే మీ సార్ చెప్పిన సగం నిజం వస్తుంది. ఫ్లోరైడ్ వాతావరణ మార్పు వల్ల వచ్చింది కాదు. అది రాతిలో ఉంది. చెరువుల్లో పూడిక పెరిగింది, వాగుల్లో ఇసుక పోయింది, కలుజుల మీద, అంటే చెరువు నిండితే నీళ్ళు పొర్లిపోయే చోట్ల, ఇళ్ళు లేచాయి. ఇవన్నీ మనుషులు చేసినవి, దగ్గర్లో ఉన్న మనుషులు. న్యాయం మీద ప్రేమ కొద్దీ ప్రతి ఎండిన బోరునూ వాతావరణ మార్పు ఖాతాలో వేస్తే, తూము బాగుచేయని వాళ్ళు హాయిగా తప్పించుకుంటారు. ఈ పొరపాటు చేసిన సిద్ధాంత గ్రంథాలు నేను చాలా చూశాను. మొదటి అధ్యాయంలో ప్రపంచ ఉష్ణోగ్రత, ఆఖరి అధ్యాయంలో పేదల కష్టం, మధ్యలో రెండింటినీ కలిపే కొలత ఒక్కటి కూడా ఉండదు. మీ సార్ భయపడేది దానికే అయితే ఆయన భయం సరైనదే.

మరి వాతావరణ మార్పు పాత్ర ఏమిటి? గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు ఏడు శాతం ఎక్కువ ఆవిరిని మోయగలదు. పడినప్పుడు గట్టిగా పడటానికి అది దారి తీస్తుంది. మన వైపు నైరుతి అరకొర, అసలు ఆశంతా ఈశాన్య రుతుపవనాల మీదే. అదీ బంగాళాఖాతంలో అక్టోబరు, నవంబరులో పుట్టే వాయుగుండాల దయ. ఒక్క వాయుగుండం ఇటు తిరిగితే ఏడాది గడుస్తుంది, చెన్నై దాటి అటు పోతే కరువు. అలాంటి చోట వాన మరింత ముద్దగా, తక్కువ రోజుల్లో పడితే ఏమవుతుంది?

మీరు అనుకునే జవాబు, నీళ్ళు కొట్టుకుపోయి బోర్లు ఎండుతాయి అనే కదా. కాస్త ఆగండి. ఎండు ప్రాంతాల్లో చిన్న వానలు పై మట్టిని తడిపి ఆవిరైపోతాయి. లోపలికి దిగేది పెద్ద వానే. కాబట్టి పెద్ద వానలు పెరిగితే కొన్ని చోట్ల ఊట పెరగనూ వచ్చు. చెరువు కట్ట గట్టిగా ఉండి, పూడిక తీసి ఉన్న ఊళ్ళో అదే వాన వరం. వాలులో పై మట్టి పోయి, కట్ట తెగి ఉన్న ఊళ్ళో అదే వాన గండి. వాన ఒకటే అయినా ఫలితం ఆ ఊరి చెరువును బట్టి ఉంటుంది. చెరువు బాగుండటం ఆ ఊళ్ళో ఎవరి మాట చెల్లుతుందో దాన్ని బట్టి ఉంటుంది. ఇదిగో, ఇది కొలవదగిన ప్రశ్న. గుండ్లకమ్మ మీద కంభం చెరువు విజయనగరం కాలం నుంచి ఉంది, 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడాల జాబితాలో కూడా చేరింది. దాని ఆయకట్టు బావుల్లో మట్టాలూ, చెరువు లేని పక్క వాగు కింద మట్టాలూ ఒకే వాయుగుండం ముందు, తర్వాత పోల్చి చూస్తే మంచి పేపరు వస్తుంది. నేను అనుకుని చేయలేకపోయిన పని అది.

నెల్లూరు వైపు కథ తలకిందులు. 2021 నవంబరులో పెన్నా పైన, కడప జిల్లాలో కుండపోత. 19వ తేదీన పెన్నా ఉపనది చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పెన్నా మీది సోమశిల డ్యామ్ నుంచి కిందికి వదిలింది ఐదు లక్షల క్యూసెక్కులు దాటింది. నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. ఐదు లక్షల క్యూసెక్కులు ఒక్క రోజు పారితే ఎంతో తెలుసా? 43.2 టీఎంసీలు. ఇక వెలిగొండ ప్రాజెక్టు కింద శ్రీశైలం నుంచి, నల్లమల కింద పద్దెనిమిది కిలోమీటర్లకు పైగా పొడవున్న సొరంగాల్లో, ఒక ఏడాది వరద కాలమంతా కలిపి తెచ్చుకోవాలని అనుకున్నది 43.5 టీఎంసీలు. 1996లో శంకుస్థాపన చేశారు. మీ కనిగిరి వాళ్ళు ఒక తరం పాటు ఎదురుచూసినన్ని నీళ్ళు మా నెల్లూరు పక్క నుంచి దాదాపు ఒక్క రోజులో సముద్రంలోకి పోయే వేగం అది. ఆ వారం నేను నెల్లూరులోనే ఉన్నాను. పొర్లుకట్ట పక్కన ఉండే వాళ్ళు పిల్లల్నీ గ్యాస్ సిలిండర్లనీ మోసుకుంటూ బడి మేడ మీదకు ఎక్కారు. వరద వస్తోందని మైకులో చెప్పారు, నిజమే. "ఐదు లక్షల క్యూసెక్కులు" అని చెప్పారు. నీళ్ళు మా గడప దాకా వస్తాయా, మోకాలి దాకా వస్తాయా అని ఒకాయన నన్ను అడిగాడు. క్యూసెక్కులను మోకాళ్ళలోకి మార్చి చెప్పే ఏర్పాటు ఎవరి దగ్గరా లేదు, నా దగ్గర కూడా.

తర్వాత వచ్చేది నష్టపరిహారం. ఇసుక మేటలు వేసిన పొలంలో విత్తనం పెట్టింది, మందు కొట్టింది కౌలు రైతు. పాస్‌బుక్ ఉన్నది వేరే ఊళ్ళో ఉండే సొంతదారుడికి. 2019లో వచ్చిన సాగుదారు హక్కుల చట్టం కింద కార్డు ఇస్తారు, కానీ దానికి సొంతదారుడి సంతకం కావాలి. మన వైపు కౌళ్ళు ఎక్కువగా నోటిమాటవి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని వాళ్ళ భయం, అడిగితే వచ్చే ఏడు కౌలుకివ్వరేమోనని వీళ్ళ భయం. దాంతో ఉపగ్రహం చిత్రంలో మునిగిన పొలం కనిపిస్తుంది, మునిగిన మనిషి కనిపించడు.

ప్రపంచ స్థాయిలో వాతావరణ న్యాయం అంటూ మాట్లాడేది కూడా ఇదే ఆకారంలో ఉంటుంది. 1992 రియో ఒప్పందంలో బాధ్యత అందరిదీ, కానీ అందరికీ ఒకే పాళ్ళలో కాదు అని రాసుకున్నారు. సగటు అమెరికన్ వదిలే కార్బన్ సగటు భారతీయుడు వదిలేదానికి దాదాపు ఏడు రెట్లు. 2022లో ఈజిప్టులో జరిగిన సమావేశంలో నష్టపోయిన దేశాలకు నిధి పెట్టాలని ఒప్పుకున్నారు. మన సుప్రీంకోర్టు 2024 మార్చిలో, బట్టమేక పిట్టల కేసులో, వాతావరణ మార్పు దుష్ఫలితాల నుంచి రక్షణ పొందే హక్కును రాజ్యాంగంలోని 14, 21 అధికరణాలతో ముడిపెట్టి గుర్తించింది. ఇవన్నీ చదవండి, తప్పకుండా చదవండి. కానీ ఆ నిధి ఎప్పటికైనా దిగి దిగి మన మండలం దాకా వస్తే, లిస్టులో ఎవరి పేరు ఎక్కుతుందన్నది మళ్ళీ ఆ పాస్‌బుక్ దగ్గరా, ఆ పంచాయతీ ఆఫీసు బోరు దగ్గరా ఆగుతుంది.

ఒక హెచ్చరిక. మన వాళ్ళంతా బాధితులు, బయటివాళ్ళు దోచుకుంటున్నారు అన్న చోట న్యాయం వెతికితే చాలా తేలిక, చాలా తప్పు కూడా. కండలేరు జలాశయం నుంచి చెన్నైకి నీళ్ళు పోతాయి, 1983 ఒప్పందం ప్రకారం. రాపూరు మెట్టలో కాలువ గట్టు మీద నిలబడి "మా పొలం పక్కనే పోతాయి, మాకు మాత్రం చుక్క రాదు" అనే రైతు కోపం నాకు తెలుసు. కానీ 2019 ఎండాకాలం చెన్నైలో లారీ కోసం రంగు రంగుల బిందెలతో నిలబడిన ఆడవాళ్ళు కూడా ఆ పామూరు వైపు కాలనీ ఆమె లాంటి వాళ్ళే. పీడితుడు గట్టుకు ఒకే పక్కన ఉంటాడని రాసేసుకుని పరిశోధన మొదలుపెట్టకండి.

ఇక టాపిక్. మీ పరిస్థితిలో నేనుంటే "పడమటి ప్రకాశం రాతి నేలల్లో సాగు బోర్ల పంపింగ్ వల్ల తాగునీటి బోర్ల మీద పడే ప్రభావం" అని పెట్టుకుంటాను. మీ సార్ కళ్ళకు ఇది నూటికి నూరు పాళ్ళు సైన్సు. పంపింగ్ టెస్టులు, మట్టాలు, ఫ్లోరైడ్, ఐసోటోపు పరీక్షలకు (నీళ్ళ వయసు, పుట్టుక తెలిపేవి) డబ్బు దొరికితే అవీ. అందులోనే ఏ బోరు ఎవరిది, ఎంత లోతు, ఎప్పుడు వేశారు, ఎంత అప్పు, కులం ఏమిటి, ఏ నెలలో ఎన్నింటికి ఆగిపోతుంది అన్న పట్టిక కూడా ఉంటుంది. న్యాయం అన్న పదం శీర్షికలో అక్కర్లేదు, పట్టికలో ఉంటే చాలు. చదివినవాడికి అదే కనిపిస్తుంది.

ఉన్న డేటాతోనే కూర్చుని చేద్దామని మాత్రం అనుకోకండి. వాతావరణ శాఖ ఇచ్చే వాన లెక్కల గడి పావు డిగ్రీ, అంటే అటూ ఇటూ సుమారు 27 కిలోమీటర్లు. ఒక్క గడిలో రెండు మూడు మండలాలు ఇమిడిపోతాయి. భూమి గురుత్వాన్ని బట్టి నీళ్ళను కొలిచే ఉపగ్రహాలకు రాష్ట్రం కనిపిస్తుంది, ఊరు కనిపించదు. నేపథ్యానికి అవి పనికొస్తాయి, కాలనీ పంపు గురించి వాటికి ఏమీ తెలియదు. మీకు కావలసింది ఒక ఊరు, నాలుగైదు బోర్లు, ఒక రెయిన్‌గేజ్, కనీసం ఒక పూర్తి ఏడాది.

ఇది కొత్త ఆలోచన కూడా కాదు. 2000 తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడు కరువు జిల్లాల్లో, ప్రకాశంతో సహా, రైతులే బోర్ల మట్టాలు, వాన కొలిచి, రబీకి ముందు ఊరంతా కూర్చుని నీటి బడ్జెట్ వేసుకునే పథకం నడిచింది. ఏపీఎఫ్ఏఎంజీఎస్ అనేవారు. చదువు పెద్దగా లేని ఆడవాళ్ళు గోడ మీద నీటి లెక్కలు రాసి వివరించడం నేను చూశాను. నాకంటే బాగా చెప్పారు. ఉన్న నీళ్ళకు వరి కుదరదని అంకె చెబితే వాళ్ళే శనగకో కందికో మారిన ఊళ్ళున్నాయి. బలవంతం లేదు, జరిమానా లేదు. దాని లోపం కూడా చెప్పాలి. నిర్ణయం బోరు ఉన్నవాళ్ళదే. బోరు లేనివాళ్ళ తాగునీళ్ళు బడ్జెట్‌లో ఒక వరసగా ఉండేవి, కానీ ఊరి సమావేశంలో ఎక్కువగా మాట్లాడేది బోరున్న మగవాళ్ళే. ఆ చోటు ఇంకా ఖాళీగానే ఉంది, మీ పరిశోధన అక్కడ నిలబడొచ్చు.

ఊరికి పోయేటప్పుడు మధ్యాహ్నం పోవద్దు. ఇంట్లో ముసలివాళ్ళే ఉంటారు, మిగతావాళ్ళు ఉపాధి పనికో కూలికో పోయి ఉంటారు. పొద్దున పంపు దగ్గరికీ, సాయంత్రం అరుగుల దగ్గరికీ పొండి. ఇరవై పేజీల ప్రశ్నాపత్రం తీసుకుపోతే మొదటి పేజీకి నిజాలు, రెండో పేజీ నుంచి మీకు నచ్చే జవాబులు వస్తాయి. బోరు లోతు అడిగితే గొప్పకు పెంచి చెప్పేవాళ్ళున్నారు, పరువుకు తగ్గించేవాళ్ళూ ఉన్నారు. కేసింగు గొట్టం ఎన్ని అడుగులు దిగింది, బోరు బండికి ఎంత కట్టారు అని అడగండి. బిల్లు జనానికి బాగా గుర్తుంటుంది, దాన్ని అడుగు ధరతో భాగిస్తే లోతు సుమారుగా వచ్చేస్తుంది. తీసుకున్న రీడింగులు వాళ్ళకు తిరిగి ఇవ్వండి, తెలుగులో, అడుగుల్లో. మీటర్లు మీ థీసిస్‌కు.

ఉద్యోగం గురించి మీరు అడగలేదు, కానీ ఇంట్లో అడుగుతారు. కేంద్ర భూగర్భ జల మండలిలో పోస్టులకు యూపీఎస్సీ జియో సైంటిస్ట్ పరీక్ష ఉంది. రాష్ట్ర భూగర్భ జల శాఖ ఉంది. పరిశోధనకు రూర్కీలోని జాతీయ జలశాస్త్ర సంస్థ, హైదరాబాద్‌లో ఎన్‌జీఆర్ఐ ఉన్నాయి. వీటిలో ఎక్కడా ఇంటర్వ్యూలో వాతావరణ న్యాయం గురించి అడగరు. పంపింగ్ టెస్టు చేశావా అని అడుగుతారు. చేసి ఉంటే ఎక్కడ, ఎందుకు చేశావని అడుగుతారు. అప్పుడు కాలనీ పంపు కథ చెప్పండి.

మీ సార్‌తో గొడవ పెట్టుకోకండి. ఆయన్ని ఒకరోజు తెల్లవారుజామున ఊరికి తీసుకుపోయి, టేపు ఆయన చేతికే ఇచ్చి, పదకొండింటి దాకా కూర్చోబెట్టండి. ముందు మీ ఊళ్ళో త్రీఫేజ్ ఎన్నింటికి ఇస్తున్నారో లైన్‌మన్‌ని కనుక్కోండి, వారం వారం టైము మారుతుంటుంది. మొదటి రీడింగులు మే ఆఖర్లో, రెండోవి డిసెంబరులో తీయాలి కాబట్టి ఊరు ఎంచుకోవడానికి మీకు ఎక్కువ సమయం లేదు. సౌండర్ కొనడానికి ఇప్పుడే డబ్బు ఖర్చు పెట్టకండి. నా దగ్గర పాతది ఒకటుంది, వంద మీటర్ల టేపు. 42 మీటర్ల దగ్గర అంకె చెరిగిపోయింది, బ్యాటరీ మార్చుకోవాలి. కూత మాత్రం బాగానే వస్తుంది.